చూరు కింద నాలుగు వేళ్ళ సందు

ఎండ ప్రహరీగోడ పైఅంచుకు ఎక్కింది. ఇంకొక రెండు గడియల్లో అక్కడి నుంచీ జారిపోతుంది. అప్పుడు కోళ్ళు ఎవరూ పిలవకుండానే గూటివైపు నడుస్తాయి, అవి లోపలికి చేరాక నా భార్య వంటింటి మెట్లు దిగి వచ్చి, గూటిలోకి చేయి పోనిచ్చి, ఒక్కొక్క వీపునూ తడిమి, నాలుగూ ఉన్నాయని తృప్తిపడి గొళ్ళెం పెడుతుంది. ఆ గొళ్ళెం పడేలోపల నేనొక మాట చెప్పాలి. చెప్పకపోతే రేపు తెల్లవారగానే పాలు పోసే ఆవిడ గంప తెచ్చుకుని వస్తుంది, నాలుగింటినీ అందులో కూర్చోబెట్టుకుని తీసుకుపోతుంది. ఇచ్చేస్తానని ఆమెకు నా భార్య మాట ఇచ్చింది. "నా చేతిలో ఇంకొకటి చావకూడదు. కళ్ళున్నవాళ్ళ దగ్గర బతకనీ" అంది, గడప మీద నిలబడి, నాతో కాదు, పాలగిన్నెతో అన్నట్లుగా. నేను చెప్పవలసిన మాట చిన్నదే. చుక్కలకోడి నీ గింజల వల్ల చావలేదు, నా వల్ల చచ్చిపోయింది. అంతే. గణాలు కట్టి చూస్తే ఒక పద్యపాదానికి ఎక్కువ, రెండింటికి తక్కువ. మధ్యాహ్నం నుంచి దాన్ని నాలుక మీద అటూ ఇటూ దొర్లిస్తున్నాను, మెరుగు పెడుతున్నాను. మెరుగు పెట్టినకొద్దీ అది నున్నగా తయారై చేతిలోంచి జారిపోతున్నది.

ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఇది పుస్తకాలు కుట్టినప్పటి పీట. దుకాణం మూసేసినా దీన్ని మాత్రం తెచ్చుకున్నాను, నలభై ఏళ్ళ నా బరువుకు దీని నడుమ కొంచెం పల్లమైంది, ఆ పల్లంలో ఒదిగితే ఇప్పటికీ ఎదురుగా బల్ల ఉన్నట్లే, బల్ల మీద జిగురుగిన్నె ఉన్నట్లే ఉంటుంది. ఎదురుగా ఉన్నది గూడు. పాత పుస్తకాల బీరువాను విప్పి ఆ పలకలతోనే కట్టాను. ఒక పలక మీద ఇప్పటికీ వరుస అంకె కనిపిస్తున్నది, దాని కిందనే దొరసాని అనే తెల్లకోడి గుడ్డు పెడుతుంది. ఈ నాలుగు రోజుల్లో గూటికి చాలా చేశాను. లోపలి చీపురుకర్ర తీసేసి వెడల్పాటి చెక్క బిగించాను, ఎందుకంటే కోడి నిద్రలో తన వేళ్ళ మీద పొట్ట వాల్చి కప్పుకుంటుంది, గుండ్రటి కర్ర మీద వేళ్ళు ముందుకు పొడుచుకొని వస్తే వాటిని కప్పేవారు ఎవరూ లేరు. గుడ్లగూళ్ళను ఆ చెక్క కంటే కిందికి దించాను. ఎత్తైనది ఏదో అక్కడే కోడి పడుకుంటుంది గనుక. అన్నిటికంటే ముఖ్యమైనది ఇవాళే పూర్తయింది, చూరు కింద రెండువైపులా నాలుగు వేళ్ళ వెడల్పున పలక కోసి సందు తెరిచాను, సందుకు గోరంత గళ్ళ ఇనుపజాలీ అమర్చాను. మేకులు కొట్టలేదు, దబ్బనంతో కన్నాలు పొడిచి తీగతో కుట్టాను. చేతికి వచ్చిన విద్య అదొక్కటే, మడిచిన కాగితాల ఫారం తర్వాత ఫారం, కన్నం తర్వాత కన్నం, చివర వెనక్కి తిప్పి ముడి. ఆమె చూసి, "ఏం కుడుతున్నారు?" అని అడిగింది. "చిన్న మరమ్మతు" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం అంతకంటే కాదు.

నల్లకోడి, ఆమె పెట్టిన పేరు కాటుక, తొట్టి దగ్గర మన్ను గీరుతున్నది. గీరి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కంటితో చూస్తున్నది. ఎప్పుడూ ఒక కంటితోనే. వంటింట్లో గింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు. వాన మొదలయ్యేటప్పటి చప్పుడులా ఉంటుంది అది. కళ్ళు మూసుకుంటే నిజంగానే ఎక్కడో చల్లగా వాన పడుతున్నట్లూ, నేను దుకాణం తలుపు దగ్గరగా వేసి కాగితాలను కాపాడుకుంటున్నట్లూ అనిపిస్తుంది. కాగితానికి గాలి శత్రువు. చెమ్మ శత్రువు, వెలుతురు శత్రువు, పురుగు శత్రువు. నాకు పని నేర్పిన గురువు మొదటిరోజు చెప్పింది అదే, మూయడం నేర్చుకోరా, తెరవడం చదివేవాడు చూసుకుంటాడు. నేర్చుకున్నాను. అట్టకూ కాగితానికీ మధ్య వెంట్రుక దూరనివ్వకుండా గుడ్డ అంటించడం, వెన్ను మీద జిగురు సమంగా పాకేలా వేలితో దువ్వడం, అంటించిన గంటకు చెవి ఆనించి విని ఎక్కడా బుడగ లేదని తెలుసుకోవడం. పోయిన చలికాలం మొదట్లో ఆమె, "పాపం వీటికి చలేస్తుందేమోనండీ" అన్నప్పుడు నా చేతులకు ప్రాణం లేచివచ్చింది. మిగిలిపోయిన బైండింగు గుడ్డను పేలికలుగా కోసి, జిగురు కాచి, పలకకూ పలకకూ మధ్యనున్న ప్రతి సందునూ మూశాను. తలుపు అంచులకు కూడా. అయ్యాక దీపం లోపల పెట్టి బయట చుట్టూ తిరిగాను. ఒక్క వెలుగు గీత బయటికి రాలేదు. ఆ రోజు ప్రార్థనలో కూడా, భగవంతుడు నన్ను క్షమించుగాక, నా మనసు ఆ గూటి చుట్టూనే ప్రదక్షిణం చేసింది. ఎంత బాగా మూశాను అని.

ఆ తర్వాత చుక్కలు కనిపించాయి. ఆకాశంలోవి కావు, పొద్దున్నే గూడు తెరిస్తే పైకప్పు లోపలి వైపున నీటిచుక్కలు, వరుసగా, రాలకుండా, ఒక్కొక్కదానిలో ఒక చిన్న పెరడు తలకిందులుగా వేలాడుతూ. కప్పు కారుతున్నదనుకున్నాను. వాన లేదు. ఉన్నా లేకపోయినా కప్పు కారుతున్నదనే అనుకున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన నీళ్ళన్నీ బయటి నుంచి లోపలికి వచ్చేవే. కాబట్టి మరింత గుడ్డ, మరింత జిగురు. ఆమె లేవకముందే వచ్చి ఆ చుక్కలను గుడ్డతో అద్ది తుడిచేవాణ్ణి. నా పనితనంలో లోపం ఆమె కంట పడకూడదు కదా. ఎన్ని తెల్లవారుజాములు తుడిచానో. నేను తుడిచింది వాటి ఊపిరి. ఐదు ప్రాణులు తెల్లవార్లూ విడిచిన ఊపిరి పోవడానికి తోవ లేక పైకెక్కి, పలకకు తగిలి, నీరై, మళ్ళీ వాటి మీదనే రాలుతున్నది. రెట్టల ఘాటు దానిలో కలిసి అన్నిటికంటే పై మూలన చేరుతున్నది. ఆ మూల చుక్కలకోడిది. పెద్దది, అందరికంటే ముందు వచ్చినది, ఆ చోటు మీద దానికి హక్కు ఉండేది.

మొదట గురగురమని చప్పుడు. తర్వాత నోరు తెరిచి మెడ చాచి నిలబడడం, ఏదో అడుగుతున్నట్లు. ఒక పొద్దున కింద పడి ఉంది. నా భార్య దాన్ని ఒళ్ళోకి తీసుకుని, రెక్క ఎత్తి, పొట్ట తడిమి, నోట్లో చూసి, లేచి నేరుగా గింజల బస్తా దగ్గరికి వెళ్ళింది. గుప్పెడు తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, ఇంకా దగ్గరగా, ముక్కుకు తగిలేలా. "బూజు పట్టిన గింజేదో పెట్టి ఉంటాను. నాకు కనబడలేదు. నా కళ్ళు..." అంది. ఆ క్షణం నాకు గుర్తుంది. ప్రహరీ మీద కాకి ఉంది, బావిగిలక మీద ఎండ ఉంది, నా గుండెలో ఏదో వదులైంది. నా దగ్గరికి రావలసినది ఒకటి దారి మారి పక్కింటికి వెళ్ళినప్పుడు కలిగే ఊరట, అంత నీచమైన ఊరట. అప్పటికి నాకు ఏమీ తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. తెలియనివాడికి ఊరట ఎందుకు?

ఆ బస్తాను ఆమె పారబోసింది. కొత్తది తెప్పించింది. మూడు వారాలుగా రోజూ రెండుపూటలా గింజలను పళ్ళెంలో పోసుకుని, దళసరి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క గింజనూ వేలితో ఇటు జరిపి అటు జరిపి ఏరుతున్నది. మెడ నొప్పి. కళ్ళు నీరు కారుతాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ. ఏరిన గింజలలో నేనూ చూశాను, దొంగతనంగా. ఒక్క చెడ్డ గింజ లేదు.

ఎండ గోడ దిగింది. నీడ గూటి కాళ్ళ దాకా వచ్చి ఆలోచిస్తున్నట్లు ఆగింది.

నాలుగు రోజుల కింద నా బావమరిది వచ్చాడు. పెద్ద పెద్ద కట్టడాలలో గాలిగొట్టాలు బిగించడం అతని పని. ఏ గదిలోకి అడుగు పెట్టినా ముందు కప్పు వైపు చూస్తాడు, మనుషులను తర్వాత పలకరిస్తాడు. గూటిలోకి తల దూర్చి, వెంటనే బయటికి లాగి, కళ్ళు నులుముకున్నాడు.

"ఏంటి బావా, కోళ్ళక్కూడా బైండింగు చేసేశావా?"

"చలిగాలి తగలకూడదని."

"చలికి వాటికి ఈకలున్నాయి. ఊపిరికేముంది? నా కళ్ళు చూడు, ఉల్లిపాయలు తరిగినట్టు మండుతున్నాయి. ఈ పైన తడేమిటి?"

"కప్పు కారుతున్నది."

"వాన పడి ఎన్నాళ్ళయింది?"

నేను లెక్కపెట్టుకుని, "రెండు నెలలు" అన్నాను.

"మరి కారేదేంటి? ఆకాశం నీ ఒక్కడికోసం చాటుగా ఏడుస్తోందా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. వంటింటి వైపు ఒకసారి తిరిగి చూసి గొంతు తగ్గించాడు. "చుక్కలది... అందుకేనా?"

నేను పైపలక తడిని వేలితో తుడిచాను.

"అక్కకి తెలుసా?"

"తెలియదు."

"నేను చెప్పను. మా అక్క నోరు నాకూ తెలుసు, నాకంటే నీకు బాగా తెలుసు. నువ్వే చెప్పుకో." తన పనిసంచీలోంచి ఇనుపజాలీ చుట్ట ఒకటి తీసి నా కాళ్ళ దగ్గర పెట్టి లేస్తూ, "కానీ బావా, అది అలా వంగి గింజలు ఏరుతుంటే చూడలేకపోతున్నాను" అన్నాడు. పోతూ వీధి తలుపు దగ్గర నుంచి మళ్ళీ అరిచాడు. "ఎత్తులో కొయ్యి! వాటి తలల పైనుంచి పోవాలి గాలి, ముఖాన కొట్టకూడదు! సందంటే కిటికీ కాదు బావా!"

ఎత్తులోనే కోశాను. అతను చెప్పినట్లే అన్నీ చేశాను, చెప్పవలసినది తప్ప. ఆ తర్వాత ఎనిమిది పూటలు ఆమె గింజలు ఏరింది. ఎనిమిది పూటలు నేను ఇదే పెరట్లో రంపంతో పలక కోస్తూ, పొట్టు ఊదుతూ, ఆ చప్పుడు విన్నాను.

పద్యాలు చదివి ఏం లాభం? పుస్తకం కుట్టవలసివచ్చినప్పుడల్లా విప్పిన ఫారాలను వరుసపెట్టుకుంటూ చదువుకున్నాను, అలా ఎందరి ఇళ్ళలోని పురాణాలో నాలోకి వచ్చాయి, ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు, ఎక్కడ యతి అని వేళ్ళ మీద చెప్పగలను. ఎంత పొడుగు పాదమైనా నడుమ ఒకచోట విశ్రమించాలి, ఆ చోటు తప్పితే పద్యం చెడుతుంది, చదివేవాడికి ఊపిరి అందదు. ఇది తెలిసినవాణ్ణి, ఐదు నోళ్ళకు ఊపిరి విడిచే చోటు లేకుండా గూడు కట్టాను. మాటలకు చూపిన దయ ప్రాణికి చూపలేదు. ఊపిరి పోసినవాడు లెక్క అడిగితే, స్వామీ, ఎక్కడా బుడగ లేకుండా అంటించాను అని చూపిస్తానా?

జిగురు వాసన. ఎక్కడి నుంచో, లేదు, నా చేతుల నుంచే. దుకాణంలో ఎండ పడే గోడ, మేకుకు వేలాడే దారాల గుత్తి, బల్ల అవతల ఒక పెద్దాయన. తెల్లటి గడ్డం, వణికే వేళ్ళు. తెచ్చింది ఒక స్తోత్రాల పుస్తకం, ఆకులు విడిపోయినది. నాకప్పుడు పాతికేళ్ళు, అంచులు అద్దంలా రావాలన్న దురాశతో కత్తిని వెంట్రుకవాసి లోపలికి జరిపి దించాను. దించాక చూశాను, అంచుల్లో సన్నటి పెన్సిలు రాతలు ఉండేవి. ఆయన వచ్చి పుస్తకం తెరిచాడు, తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఇక్కడ మా ఆవిడ ఏదో రాసుకునేది నాయనా... లేకపోతే నేనే ఊహించుకున్నానో. ఆవిడ పోయాక నా బుర్ర సరిగ్గా ఉండడం లేదు" అన్నాడు. అంచుల మీద వేలు రాసి, చాలా బాగా కోశావని మెచ్చుకున్నాడు. కోసిన పేలికలు నా బల్ల కిందనే బుట్టలో ఉన్నాయి. వంగితే అందుతాయి. నేను వంగలేదు. ఆయన తన బుర్ర చెడిపోయిందని నమ్ముతూ మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయాడు, వెలుగులో ఆయన వీపు, చంకలో పుస్తకం, ఇప్పటికీ దిగుతూనే ఉన్నాడు, ఒక్కొక్క మెట్టూ, ఇదుగో ఈ వంటింటి మెట్ల మీదుగా, ఈ నీడలోకి, ఆయన చేతిలో ఉన్నది పుస్తకం కాదు, గింజల పళ్ళెం...

కళ్ళు తెరిచాను. మెట్ల మీద ఎవరూ లేరు. కునుకు పట్టింది కాబోలు. కాటుక గూటి దగ్గరికి వచ్చి ఉంది.

కొత్త చోటును కోడి నమ్మదు. వాలుచెక్క కింద ఆగి, మెడ పొడుగుచేసి, లోపలికి చూసింది. లోపల ఇదివరకు కారుచీకటి. ఇప్పుడు సందులోంచి వచ్చిన వెలుగు ఎదురు పలక మీద ఒక బంగారు గీత గీసి ఉంది. కాటుక ఆ గీతను ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితోనూ చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఒక అడుగు. ఇంకొకటి. పైకెక్కి, వెడల్పాటి చెక్క మీద నిలబడి, అటూ ఇటూ జరిగి, వేళ్ళ మీద పొట్ట వాల్చింది. దాని వెనుక ఎర్రకోడి గయ్యాళి, ఎవరినో తిడుతూ. దాని వెనుక సోమరి. చివరికి దొరసాని, సభకు వచ్చినట్లు, పాదపాదానికీ ఆగుతూ. చుక్కలకోడి మూలలోకి ఒక్కటీ వెళ్ళలేదు. అక్కడ ఒక కోడికి సరిపడే ఖాళీ, దాని పైన గాలి వచ్చిపోయే సందు.

వంటింట్లో పళ్ళెం కింద పెట్టిన చప్పుడు. మెట్ల మీద ఆమె అడుగులు, ముందు కుడికాలు, ఆ తర్వాత దాని పక్కకు ఎడమకాలు. నా వాక్యం సిద్ధంగా ఉంది. చిన్నది, నున్ననిది. ఆమె నా పక్కనుంచి వెళ్ళి, తలుపులోంచి చేయి పోనిచ్చి తడమసాగింది.

"ఒకటి. ఇది గయ్యాళి, పొడిచింది చూడు ముండ. రెండు. ఏమే దొరసానీ, రేపు అత్తారింటికి వెళ్తున్నావ్, బుద్ధిగా ఉండు. మూడు..." చేయి ఆగింది. పైకి ఎత్తి గాలిలో అలాగే ఉంచింది. "ఏమండీ, ఇక్కడ చల్లగా తగులుతోంది. ఎక్కడో సందు పడినట్టుంది."

"ఊఁ."

"మూసెయ్యండి. మీ గుడ్డ ముక్క ఉంటుందిగా, అంటించండి. ఈ ఒక్కపూట అయినా వెచ్చగా ఉంచి పంపుదాం."

"మూయను."

ఆమె వెనక్కి తిరిగింది. "అదేంటి?"

మధ్యాహ్నం నుంచి మెరుగు పెట్టిన వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది. "మూసినందుకే చచ్చిపోయింది" అన్నాను. "చుక్కలది. నేను మూశాను. అన్నీ మూశాను. పైన నీళ్ళు పట్టేవి, రోజూ తుడిచేవాణ్ణి, నువ్వు లేవకముందు. కారుతోందనుకున్నాను. కారడం కాదు, అది వాటి ఊపిరే. గింజల్లో ఏం లేదు. ఎప్పుడూ ఏం లేదు. నీ కళ్ళది కాదు తప్పు."

గూట్లో ఏదో కోడి సన్నగా సణిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"నాలుగు రోజులు. మీ తమ్ముడు చెప్పాడు." అక్కడ ఆగిపోవచ్చు. ఆగితే చాలు. బల్ల కింద బుట్ట, బుట్టలో పేలికలు. నేను వంగాను. "కాదు. అది చచ్చిపోయిన రోజే అనుమానం వచ్చింది. నువ్వు గింజల మీద పెట్టుకున్నావని... ఊరుకున్నాను."

ఆమె గూటి మీదికి చేయి చాచి చూరు కింద జాలీని వెతికి పట్టుకుంది. నా కుట్టు మీద వేళ్ళు నడిపించింది, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ముడి దగ్గర ఆగింది. తర్వాత అరచేయి సందుకు ఎదురుగా పెట్టి నిలబడింది. లోపలి వెచ్చదనం ఆమె చేతికి తగులుతూ ఉండాలి. ఎంతసేపో నిలబడింది. తలుపు వేసింది, గొళ్ళెం పెట్టింది, మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. ఎండ ఎక్కడా లేదు. ఆకాశం మాత్రం ఇంకా మరచిపోలేదు. ఇక ఎన్ని రోజులు మాట్లాడదో అనుకున్నాను. అదీ సబబే అనుకున్నాను.

మళ్ళీ అడుగులు. కుడికాలు, పక్కన ఎడమకాలు. నా ఒళ్ళో బరువుగా ఏదో పెట్టింది. గింజల పళ్ళెం. దాని మీద ఆమె కళ్ళజోడు.

"మూడు వారాలు నేను ఏరాను. ఇక మూడు వారాలు మీరు ఏరండి."

"వీటిలో ఏమీ లేదని చెప్పానుగా."

"తెలుసు. ఏరండి."

"పొద్దున పాలావిడ వస్తే?"

"పాలు పోయించుకుంటాను" అంది. నడుం పట్టుకుని, చివరి మెట్టు మీద కూర్చుంది, నేను సరిగా ఏరుతున్నానో లేదో చూడడానికి. "ఇంకా వెలుతురు ఉంది. మొదలుపెట్టండి."

కళ్ళజోడు పెట్టుకున్నాను. లోకమంతా ఒక్కసారిగా నీటిచుక్కలోకి వెళ్ళినట్లయింది. గూడు, గోడ, మెట్టు మీది మనిషి, అన్నీ అంచులు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఈ అద్దాల్లోంచేనా ఇన్నాళ్ళూ చూసింది? గింజను ముక్కుదాకా తెస్తే గాని గింజ కాలేదు. తెచ్చాను. బాగానే ఉంది. ఇవతలికి జరిపాను. ఇంకొకటి తెచ్చాను.